ఇంట గెలిచాకే రోడ్డు

2020 నవంబరులో కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి ఒక సైకిల్ యాత్ర బయల్దేరింది. పేరు ఇన్ఫినిటీ రైడ్. సరిహద్దు భద్రతా దళంతో కలిసి దాన్ని నడిపింది మన హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కూడా 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు గెలిచిన ఆదిత్య మెహతా స్థాపించిన సంస్థ అది. దివ్యాంగుల క్రీడలకు నిధులు కూడగట్టడం ఆ యాత్ర ఉద్దేశం. ముప్పై మంది జట్టులో తొమ్మిది మంది దివ్యాంగులు. వాళ్లలో ఒకరు తాన్యా డాగా. మధ్యప్రదేశ్ అమ్మాయి. 2018లో డెహ్రాడూన్‌లో చదువుకుంటుండగా జరిగిన ప్రమాదంలో ఒక కాలు పోయింది. మిగిలిన ఒక్క కాలితోనే ఆమె ఆ దారి పట్టారు.

యాత్ర సాగుతుండగా డిసెంబరులో ఆమె తండ్రి చనిపోయారు. ఆమె సైకిల్ దిగి ఇంటికి వెళ్లారు. తర్వాత తిరిగొచ్చి జట్టులో కలిసి కన్యాకుమారి చేరారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆమె తిరిగి రావడాన్నే మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం ఆమె ఇంటికి వెళ్లిన ఘట్టమే ఎక్కువ గుర్తుంటుంది. వెళ్లడానికి వీలు కుదిరింది. తను లేకపోయినా ముందుకు సాగే జట్టు ఉంది, తిరిగొస్తే చేర్చుకునే మనుషులున్నారు. అమ్మకో నాన్నకో జబ్బు చేసిందని, వాళ్ల పేరు మీద దూరయాత్ర చేసి నలుగురికి పనికొచ్చే డబ్బు కూడగట్టాలని అనుకునే ప్రతి దివ్యాంగ క్రీడాకారుడూ ముందుగా చూసుకోవాల్సింది ఈ వీలునే. ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్న ఆ తర్వాత.

ఈ అధ్యాయమంతా ఒక్క ఊరిని, ఒక్క ఇంటిని ఊహించుకుని రాస్తున్నాను. ఊరు కనిగిరి దగ్గరి పామూరు. ఇల్లు మీదే అనుకోండి. మీకు మోకాలి కింద కాలు లేదు, కృత్రిమ కాలు వాడతారు, సైకిల్ బాగా తొక్కుతారు. మీ నాయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. పామూరునే ఎందుకు తీసుకున్నానంటే, ఈ ప్రాంతానికి నీళ్లతో, ఎముకలతో, కిడ్నీలతో ఉన్న గొడవ ఈనాటిది కాదు. తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్ని, పళ్లని పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి పరిశోధన పత్రంలో నమోదు చేసింది 1937లో. అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలన్నీ ఆనాడు నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా. కాడెద్దులు నడవలేక కూలబడుతుంటే ముందుగా గమనించింది రైతులే. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన మోకీళ్లు ఆ తరం నుంచి ఈ తరం దాకా వచ్చాయి. ఆ నొప్పులకు వాడే మాత్రల సంగతి కాసేపట్లో చెబుతాను, అది మీకూ సంబంధించిన విషయమే.

ముందు నాయనను అడగండి

"నాయనా, నీ పేరు మీద సైకిల్ తొక్కుతా" అని చెప్పేసి ఫ్లెక్సీ కొట్టించేవాళ్లున్నారు. చెప్పడం వేరు, అడగడం వేరు. జబ్బు ఆయనది, ఫొటో ఆయనది. సూదులు గుచ్చిన చెయ్యి చూపించాలా వద్దా, పేరు వెయ్యాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. "నా జబ్బు సంగతి ఊరూరా చాటాలా రా?" అని ఆయన అడిగితే దానికి ఎదురుచెప్పొద్దు. నాయన ఫొటో లేకుండానే, పేరు లేకుండానే కిడ్నీ జబ్బు గురించి మాట్లాడవచ్చు. జాలి పుట్టించే బొమ్మకు డబ్బులు రాలతాయన్నది నిజమే కావచ్చు. అయినా మంచంమీదున్న మనిషి మర్యాదను పెట్టుబడిగా పెట్టే హక్కు బిడ్డకు కూడా లేదు.

రెండో ప్రశ్న మీరు డాక్టర్ని అడగాలి. నాయనకు కిడ్నీ మార్పిడి ఆలోచన ఉందా? ఉంటే దాతగా మిమ్మల్ని పరీక్షించే అవకాశం ఉందా? ఉంటే ఇప్పుడు రైడ్ ఊసే వద్దు. దాత ఆరోగ్యం కంటే విలువైన విరాళం ఏదీ మీరు రోడ్డు మీద వసూలు చెయ్యలేరు.

మూడోది, డయాలసిస్ రోజులు. వారానికి రెండు సార్లో మూడు సార్లో, ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. కనిగిరికో మార్కాపురానికో ఒంగోలుకో తీసుకెళ్లి, మిషన్ దగ్గర కూర్చుని, నీరసంతో తూలే మనిషిని పట్టుకుని ఇంటికి తీసుకురావాలి. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు? మీరే అయితే, మీరు సైకిల్ మీదున్న రోజుల్లో ఎవరు చేస్తారు? అక్క చూసుకుంటుందిలే అనుకుంటే సరిపోదు. అక్కను కూర్చోబెట్టి, తేదీలు రాసి, ఆమె సరేనన్నాక, ఆమెకు వీలుకాని రోజున ఎవరన్నది కూడా రాయాలి. ఇది కుదరకపోతే యాత్ర వాయిదా వెయ్యండి, చిన్నబుచ్చుకోకండి.

నన్నడిగితే పామూరు వాళ్లకు కాశ్మీరు అక్కర్లేదు. ఇంటి చుట్టూనే దూరయాత్ర చెయ్యవచ్చు. పామూరు నుంచి కనిగిరి వెళ్లి రావడం అరవై కిలోమీటర్లకు అటూఇటూ. నాయనకు డయాలసిస్ లేని రోజుల్లో, వారానికి మూడు రోజులు, రోజుకు అరవై చొప్పున తొక్కితే ఆరు వారాల్లో వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఒకరోజు కనిగిరి దారి, ఒకరోజు కందుకూరు వైపు, ఒకరోజు చంద్రశేఖరపురం మీదుగా భైరవకోన. ప్రతి ఉదయం వల్లీ భుజంగేశ్వరస్వామి గుడి ముందు బయల్దేరి సాయంత్రానికి అక్కడికే చేరుకోవచ్చు. రాత్రి నిద్ర సొంత ఇంట్లో. పేపర్లో పెద్ద అక్షరాలు రాకపోవచ్చు. కానీ ఆ వెయ్యి కిలోమీటర్లలో మిమ్మల్ని చూసినవాళ్లంతా మీ చుట్టుపక్కలవాళ్లే, డబ్బు ఖర్చయ్యే ఆసుపత్రి వాళ్లకూ తెలిసిందే. నిధికి ఇంతకంటే మంచి పూచీ ఏముంది?

ఒకే ఇంట్లో రెండు రకాల దాహం

డయాలసిస్ మీదున్న మనిషికి ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు. అందుకే చాలామందికి డాక్టర్లు రోజు మొత్తానికి లీటరు లోపే తాగమంటారు. నాయన గ్లాసులో కొలత చూసుకుని, ఒక్కో గుక్క పెదాలు తడుపుకుని, ఎండాకాలం మధ్యాహ్నం గడపాలి. అదే ఇంట్లో మీరు రైడ్‌కు సాధన చేస్తూ గంటకు అరలీటరు పైగా తాగాలి. ఆయన ఎదురుగా గటగటా తాగడానికి మనసొప్పదు. తాగకుండా బయల్దేరే బిడ్డలుంటారు, నేనది అర్థం చేసుకోగలను. కానీ అలా చేస్తే మీ కిడ్నీలకే ముప్పు. వసారాలోకి వెళ్లి తాగండి, కానీ తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారిందంటే ఆ రోజు మీరు వెనకబడ్డట్టే.

దారిలో ప్రేమగా ఇచ్చేవి కొబ్బరిబోండాలు, బత్తాయి రసం. మీకు మంచివే. అవే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి నాయనకిస్తే ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. మీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల సంగతీ అంతే. మీ డబ్బా, ఆయన డబ్బా వేరువేరుగా పెట్టుకోండి. ఇంటికొచ్చే చుట్టాలకు కూడా ఒకసారి చెప్పి ఉంచండి.

ఇక ఆ మాత్రల సంగతి. మన పల్లెల్లో మోకాళ్లు నొప్పి అంటే చాలు, డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో ఏదో ఒక నొప్పి మాత్ర మింగడం అలవాటు. నెలల తరబడి, ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు. ఈ జాతి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మింగితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇప్పుడు మీ సంగతి చూడండి. ఎండలో నాలుగు గంటలు తొక్కారు, చెమటకు ఒళ్లు ఎండిపోయింది, మొండికాలు నొప్పి పుడుతోంది, జేబులో మాత్ర ఉంది. కిడ్నీ జబ్బు మీద ప్రచారం చేస్తూ సొంత కిడ్నీని పాడుచేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. యాత్ర మొదలుపెట్టే ముందు మీరు సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ చూపించుకోవాలి. నొప్పికి ఏం వాడాలో మీ నాయనను చూసే కిడ్నీ డాక్టర్నే అడగండి. మాత్ర వేసుకుంటే తప్ప తొక్కలేని రోజు తొక్కాల్సిన రోజు కాదు.

మొండికాలి విషయంలో ఎవరూ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు, దాంతో రోజూ బతికేది మీరే. అయినా దూరయాత్రలో మారేవి కొన్నున్నాయి. కృత్రిమ కాలి లోపల తొడిగే లైనర్ గంటల తరబడి చెమటపడితే చర్మం నానిపోతుంది. మధ్యాహ్నానికి మొండికాలి పరిమాణం కాస్త తగ్గి సాకెట్ వదులవుతుంది, అప్పుడే రాపిడి మొదలవుతుంది. గంటకోసారి దిగి, కాలు విప్పి, తుడిచి, చిన్న అద్దంతో వెనకవైపు కూడా చూడండి. ఎర్రబడ్డ చోటు పావుగంట విశ్రాంతిలో మామూలు రంగుకు రాకపోతే ఆ పూటకు చాలు. రెండో లైనర్ లేకుండా బయల్దేరొద్దు. వెన్నుపూస దెబ్బతిని స్పర్శ తెలియనివాళ్లు చేతితో తిప్పే మూడు చక్రాల సైకిల్ మీద వెళితే, పావుగంటకోసారి చేతుల మీద ఒళ్లు పైకెత్తి బరువు మార్చుకోవాలి. పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. ఆ బండి ఎత్తు తక్కువ, లారీ డ్రైవర్ కంటికి ఆనదు. వెనక పొడవాటి కర్రకు నారింజ రంగు జెండా కట్టండి, పగలు కూడా లైటు వెలిగించండి.

ఒంటికాలితో తొక్కేవాళ్లకు తొక్కడం కంటే ఆగడం కష్టం. స్పీడ్ బ్రేకర్ ముందు, అడ్డొచ్చిన గేదె ముందు, జనం చప్పట్లు కొడుతూ చుట్టుముట్టిన చోట పడిపోయేది అందుకే. ఖాళీ మైదానంలో ఆగడం, దిగడం, మళ్లీ ఎక్కడం వారాల తరబడి సాధన చెయ్యండి. దూరం మాత్రం వారం వారం పదోవంతుకు మించి పెంచకండి. కాలం సంగతి మీకు తెలిసిందే. మార్చి దాటితే ఈ ప్రాంతంలో ఎండ నిలవనివ్వదు, అక్టోబరు నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి అదను.

దేనికోసం, ఎవరి ఖాతాలోకి

"కిడ్నీ రోగుల సహాయార్థం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. డయాలసిస్ ఖర్చు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వం భరిస్తోంది. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను ఉంది. దివ్యాంగుల పింఛను 2024లో మూడువేల నుంచి ఆరువేలకు పెరిగింది. మీ ఇంట్లో ఇవి రెండూ సక్రమంగా అందుతున్నాయో లేదో ముందు చూసుకోండి. ఆ తర్వాత మిగిలే కష్టమేమిటో వెతకండి. చాలా ఇళ్లలో అది ప్రయాణం. వారానికి మూడు సార్లంటే ఒక్క మనిషికి ఏడాదికి 156 రాకపోకలు. ఒక్కో రాకపోకకు ఆటోకు అయిదొందలు అవుతుందనుకుంటే ఏడాదికి డెబ్బై ఎనిమిది వేలు. తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకునే కూలి దీనికి అదనం. "పామూరు మండలం నుంచి డయాలసిస్‌కు వెళ్లే పదిమందికి ఏడాది పాటు బండి ఖర్చు" అని రాయండి. ఇచ్చేవాడికి తను ఇచ్చింది ఎక్కడికి పోతుందో కంటికి కనిపిస్తుంది.

డబ్బు అడగడంలో చూడాల్సిన పాఠం టెర్రీ ఫాక్స్‌ది. కెనడా కుర్రాడు, ఎముక క్యాన్సర్‌తో కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న దేశానికి తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలుతో పరుగు మొదలుపెట్టాడు, రోజుకు దాదాపు ఒక మారథాన్. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న పట్టణంలో మాత్రం సుమారు పదివేల జనాభా పదివేల డాలర్లు ఇచ్చారు. తలకు ఒక డాలర్! దేశం మొత్తం అలా ఇస్తే అన్న ఆలోచన అక్కణ్నుంచే బలపడింది. తర్వాత ఫోర్ సీజన్స్ హోటళ్ల అధిపతి ఇసడోర్ షార్ప్ మైలుకు రెండు డాలర్లు ఇస్తానని ప్రకటించి, మిగతా కంపెనీలనూ అలాగే ఇమ్మని పిలుపునిచ్చాడు. ఆయన కొడుకు కూడా క్యాన్సర్‌తోనే చనిపోయాడు. ఈ రెండు పద్ధతులూ మన ఊళ్లో పనికొస్తాయి. ఊరివాళ్లను తలకు పది రూపాయలు అడగండి. ఎరువుల కొట్టు, పొగాకు వ్యాపారి, ప్రైవేటు బడి లాంటి వాళ్లను కిలోమీటరుకు ఇంత అని ముందే రాయించుకోండి. కిలోమీటరుకు పాతిక చొప్పున నలుగురు ఒప్పుకుంటే వెయ్యి కిలోమీటర్లకు లక్ష.

ఆ లక్ష మీ సొంత ఖాతాలో పడకూడదు. బంధువులు కానివాళ్ల దగ్గర్నుంచి ఏడాదిలో యాభైవేలు మించి మీ పేరున వస్తే ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఊళ్లో మాట వస్తుంది. రిజిస్టరైన, విరాళాలకు పన్ను మినహాయింపు గుర్తింపు ఉన్న సంస్థ ఏదైనా ఒప్పుకుంటే దాని ఖాతా క్యూఆర్ కోడే మీ చొక్కా మీద వేసుకోండి. ప్రభుత్వాసుపత్రికి వస్తు రూపంలో ఇవ్వదలిస్తే ఆసుపత్రి అభివృద్ధి సంఘాన్ని ముందే కలవండి. అమెరికాలో ఉన్న మన ప్రాంతంవాళ్లు పంపుతామంటే ఒక్క ప్రశ్న అడగాలి: మీ పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళమే, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండి తీరాలి. వచ్చిన మొత్తం, ఖర్చయిన మొత్తం వారానికోసారి రాసి గుడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో అంటించండి. సైకిల్ రిపేరు, వెంట వచ్చే వ్యాన్ డీజిలు విరాళాల్లోంచి తీస్తుంటే ఆ సంగతీ అందులో రాయండి.

ఆగిన చోటల్లా నాలుగు మాటలు మాట్లాడమంటారు. "ఫ్లోరైడ్ నీళ్ల వల్లే మా నాయన కిడ్నీలు పోయాయి" అని మైకులో చెప్పకండి. ఫ్లోరైడ్ ఎముకల్ని, పళ్లని పాడుచేస్తుందన్నది ఖాయం. కిడ్నీ బలహీనపడ్డవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందన్నదీ నిజమే. ఒక మనిషి కిడ్నీ ఎందుకు పోయిందో తేల్చడం వేరే సంగతి. బీపీ, షుగరు, నొప్పి మాత్రలు, ఇంకా ఎన్నో కారణాలు ఉండొచ్చు. ఇవి చెప్పండి చాలు: బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి, నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి, తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిందేమో పరీక్ష చేయించమని పంచాయతీని అడగండి. వీలైతే ఆ రోజే ఆ ఊళ్లో ఆరోగ్య కార్యకర్తతో బీపీ చూసే ఏర్పాటు చెయ్యండి.

ఆపాల్సిన చోటు

టెర్రీ ఫాక్స్ పశ్చిమ తీరం చేరలేదు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక 1980 సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్‌లో చనిపోయాడు. ఆయన ఆగినా జనం ఇవ్వడం ఆపలేదు. 1981 ఫిబ్రవరికల్లా రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటాయి, దేశ జనాభాకు తలకు ఒక డాలర్ లెక్క సరిపోయింది. ఆయన మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఒక్క విషయంలో ఆయన్ని అనుసరించవద్దని చెబుతాను. దారిలో వైద్య పరీక్షలకు ఆయన సుముఖంగా లేడు. మీరు అలా చెయ్యొద్దు.

ఏయే పరిస్థితుల్లో రైడ్ ఆపేస్తారో బయల్దేరే ముందే ఒక కాగితం మీద రాయండి. మొండికాలి మీద పుండు, జ్వరం, మూత్రం ముదురు ఎరుపు లేదా గోధుమ రంగులోకి తిరగడం, నాయనను ఆసుపత్రిలో చేర్చడం, ఆయనకు డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చెయ్యి పాడవడం, అక్క ఫోన్ చేసి "రా" అనడం. కాగితం వ్యాన్ నడిపే మనిషి చేతిలో పెట్టండి, మీ దగ్గర ఉంచుకోకండి. తొక్కుతున్నవాడికి ఇంకో పది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. ఆపమనే అధికారం వ్యాన్‌లో ఉన్న మనిషికి ఇవ్వండి, ఆ మాట ఊళ్లోవాళ్ల ముందే ఇవ్వండి. రాయించుకున్న కిలోమీటర్ల డబ్బు మీరు తొక్కినంతవరకే వసూలు చేసి, మిగతా దూరం తర్వాత పూర్తిచేస్తారో లేదో నిజాయితీగా చెప్పండి. తాన్యా డాగా జట్టులాంటిది మీకు కావాల్సింది ఇలాంటి రోజుకే. మీ బదులు తొక్కడానికి ఇద్దరు స్నేహితుల్ని ఇప్పుడే సిద్ధం చేసుకుంటే మీరు ఆగినా యాత్ర ఆగదు.

సైకిల్ కొనడానికి ముందు ఈ వారమే చెయ్యగలిగిన పని ఒకటుంది. ఈసారి నాయనతో డయాలసిస్‌కు వెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, ఆ గదిలో మిగతా మంచాల దగ్గరున్న తోడు మనుషుల్ని పలకరించండి. ఏ ఊరు, ఏ బండిలో వచ్చారు, రానూపోనూ ఎంతవుతోంది, ఏ నెలలో డబ్బుల్లేక రాలేకపోయారు అని అడిగి, వాళ్లు సరేనంటే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎంత డబ్బు కావాలో, ఎన్ని కిలోమీటర్లు తొక్కాలో అందులోంచే లెక్క కట్టండి.